గొలుసు విప్పితే సరిపోదు

మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదురింటి డాబా కనిపిస్తుంది. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి నిలబడితే ముందు కంటబడేది ఆ డాబా మీది నీళ్ల ట్యాంకు, ఆ ట్యాంకు కింద ఇనప స్తంభానికి కట్టేసిన కుక్క. 2024 జూన్ నుంచి నవంబరు దాకా, ఆరు నెలల పాటు, రోజూ చూశాను. పాలు పొంగకుండా చూసుకున్నాను గానీ దాని సంగతేమిటని ఒక్కనాడూ అడగలేదు. "మనకెందుకులే" అనుకున్నాను. ఇరుగుపొరుగు అన్నాక మాటపట్టింపులొస్తాయని భయం ఒకటి.

ఈ మాట ముందే ఒప్పుకోవడం మంచిది. లేకపోతే తర్వాత చెప్పేదంతా విని, "అబ్బ, ఎంత మంచి మనసండీ మీది!" అంటారేమో. అంత లేదు.

దాని పేరు పింకీ. తెల్లటి బొచ్చుకుక్క. మనం పొమేరియన్ అనేస్తాం గానీ, మన ఊళ్లలో ఆ పేరుతో పెరిగేవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివేనట. 1994లో 'హమ్ ఆప్కే హై కౌన్' సినిమాలో కనిపించిన టఫీ కూడా ఈ జాతిదే. ఎదురింటి అబ్బాయి ఐదో తరగతిలో ఉండగా పుట్టినరోజు కానుకగా వచ్చింది పింకీ. వాడి మంచం కిందే పడుకునేది. సాయంత్రాలు వాడి సైకిలు వెనక పరుగులు పెట్టేది. వాడు టెన్త్ పాసయ్యాడు. విజయవాడలో హాస్టల్లో ఉంచి ఇంటర్ చదివిస్తున్నారు. తండ్రికి ఆఫీసు, తల్లికి మోకాళ్ల నొప్పులు. తిప్పేవాళ్లు లేక పింకీ డాబా మీదికి చేరింది.

వాళ్లు చెడ్డవాళ్లు కారు. అది మొదట చెప్పాలి. రోజూ పెరుగన్నం పెట్టేవారు. వానకి తడవకుండా పైన రేకు వేశారు. కొట్టగా నేనెప్పుడూ చూడలేదు. విప్పడం ఒక్కటే మానేశారు.

"అన్నం పెడుతున్నారుగా, ఇంకేం కావాలి?" అని మనకి అనిపిస్తుంది. కానీ మన చట్టం అలా అనుకోలేదు. జంతువులపై క్రూరత్వాన్ని నిరోధించే 1960 నాటి చట్టంలో పదకొండో సెక్షన్ చూడండి. అలవాటుగా గొలుసుకి కట్టేసి ఉంచే కుక్కని యజమాని తగినంత తిప్పకపోతే అది కూడా క్రూరత్వమే అని అందులో స్పష్టంగా ఉంది. కొట్టడం, చంపడంతో పాటు ఈ నిర్లక్ష్యాన్నీ ఒక వరసలో పెట్టారు. ఆ చట్టం వెనక ఉన్నది ఒక మహిళ. భరతనాట్యానికి గౌరవం తెచ్చిన కళాక్షేత్ర రుక్మిణీదేవి అరండేల్. 1952లో రాజ్యసభకి నామినేట్ అయ్యాక ఆవిడ సొంతంగా బిల్లు పెట్టి పట్టుబట్టారు. తర్వాత ప్రభుత్వమే చట్టం తెచ్చింది. అయితే అందులో మొదటి తప్పుకి రాసిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు! అంచేత జరిమానాకి భయపడి ఎవరో మారతారని ఎదురుచూడ్డం దండగ. మారాల్సింది మన చూపే.

ఆ వానాకాలమంతా పింకీ రాత్రిళ్లు మొరిగేది. వీధిలో అందరం విసుక్కున్నాం. దసరాకి అబ్బాయి వచ్చిన నాలుగు రోజులూ విప్పి కిందికి తెచ్చుకున్నాడు. వాడు వెళ్లాక మళ్లీ పైకి. కొన్నాళ్లకి మొరుగుడు ఆగిపోయింది. హమ్మయ్య, నిద్ర పడుతోందనుకున్నాం. కార్తీకమాసంలో ఒకరోజు మా పనమ్మాయి అంట్లు తోముతూ అడిగింది: "ఆ కుక్క అరవట్లేదేంటమ్మగారూ? ఒంట్లో బాగోలేదేమో."

అరిచినప్పుడు విసుక్కోవడం తెలిసిన నాకు, అరవనప్పుడు అడగాలని తోచలేదు. తోచింది ఆ పిల్లకి.

ఆ సాయంత్రం ఎదురింటికి వెళ్లాను. ఏం మాట్లాడాలో తెలియక, "వదినగారూ, పింకీని కొన్నాళ్లు మా పెరట్లో ఉంచుకోనా? మాకు కాస్త కాపలాగా ఉంటుంది" అన్నాను. ఆవిడ ఒక్క నిమిషం నా మొహంలోకి చూసి, "తీసుకెళ్లండి వదినగారూ" అంది. ఆ గొంతులో కోపం లేదు. బరువు దిగినట్టుంది.

దగ్గరగా చూస్తే తెలిసింది దాని స్థితి. బొచ్చు అట్టలు కట్టి చాప ముక్కల్లా వేలాడుతోంది. చెవుల్లో గోమార్లు. మెడ చుట్టూ బెల్టు ఒరుసుకుని పుండు. మా వారు, నేను కలిసి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తపరీక్షలో గోమార్ల వల్ల వచ్చే జ్వరం ఉందని తేలింది. మందులు రాసి, డాక్టరు గారు మంచి మాటలు చెప్పారు. చిక్కిపోయిన కుక్కకి జాలిపడి ఒకేసారి బోలెడు పెట్టకూడదు, కొంచెం కొంచెం మూడు నాలుగుసార్లు పెట్టాలి. ఉప్పూ కారం లేని మెత్తటి అన్నం, ఉడికించిన గుడ్డు చాలు. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష కుక్కలకి విషం. అట్టలు కట్టిన బొచ్చుని ఒక్కరోజులో కత్తిరించేయాలని చూడకూడదు, దాని ఓపిక మేరకే. మేం నాలుగు రోజులు పట్టాం. ఆ బొచ్చంతా పోయాక చూస్తే పింకీ సగమే ఉంది.

మొదటి వారంలోనే నా తప్పువల్ల ఒకటి జరిగింది. అది తింటుండగా గిన్నె సర్దబోయాను. చటుక్కున చెయ్యి పట్టేసింది. రక్తం వచ్చింది. పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కుని, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాను. డాక్టరు చెప్పిన డోసులన్నీ పూర్తిచేశాను. "పెంపుడు కుక్కేగా, ఏం కాదులే" అనడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. సకాలంలో టీకా వేయించుకుంటే దాదాపు ఎవరూ చనిపోరు. పింకీని పది రోజులు విడిగా ఉంచి గమనించి, ఆ తర్వాత దానికీ టీకాలు వేయించాం. ఇంట్లో పసిపిల్లలుంటే ఇలాంటి కుక్కని తెచ్చే ముందు ఒకటికి పదిసార్లు ఆలోచించండి.

మా ఆడపడుచు ఫోన్లో మందలించింది. "2023లో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. మర్చిపోయావా వదినా? నువ్వేమో కుక్కల్ని ఇంటికి తెచ్చుకుంటున్నావు!" అంది. మర్చిపోలేదు. ఏ తల్లి మర్చిపోతుంది? కానీ ముచ్చటపడి తెచ్చుకుని, మోజు తీరాక రోడ్డు మీద వదిలేసినవి ఏ గుంపులో కలుస్తున్నాయి? పిల్లల ఆపరేషన్ చేయించకుండా, టీకాలు వేయించకుండా వదిలేస్తే వాటి సంతానం ఏమవుతోంది? కుక్కలంటే భయపడేవాళ్లకీ, ప్రేమించేవాళ్లకీ ఇక్కడ కావలసింది ఒకటే: బాధ్యత లేని పెంపకం ఆగడం.

ఇక అసలు సంగతి. పెరట్లో గొలుసు విప్పేశాను. పరుగెడుతుందనుకున్నాను. అది జామచెట్టు దగ్గర నాలుగడుగుల మేర గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. డాబా మీద గొలుసు ఎంత దూరం పోనిచ్చిందో అంతే! మెడలో ఏమీ లేదు, అయినా ఆ గీత దాటదు. చీపురు తీస్తే వణికేది. ఆ రోజు నాకు బాగా బోధపడింది, గొలుసు విప్పడం ఒక నిమిషం పనే గానీ, ఆ తర్వాతి పనే అసలు పని అని.

ఆ పనికి గొప్ప తెలివి అక్కర్లేదు, వేళ తప్పకపోతే చాలు. ఒకే వేళకి తిండి, ఒకే వేళకి నడక, ఒకే గొంతు. దాన్ని పిలవడం మానేసి, దగ్గర్లో పీట వేసుకుని, దాని వంక చూడకుండా నా కథ కాగితాలు పైకి చదువుకునేదాన్ని. నా కథల్ని చివరిదాకా విన్నది మా ఇంట్లో అది ఒక్కటే! పంతొమ్మిదో రోజున గుండ్రం దాటి వచ్చి, నా చెప్పు వాసన చూసి వెనక్కి పోయింది. మర్నాడు ఇంకొంచెం సేపు ఉంది.

అత్తయ్యగారికి మడి, ఆచారం. "తులసికోట ఛాయలకి రానివ్వకు" అని మొదట్లోనే చెప్పేశారు. అలాంటిది ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ తనే అన్నారు: "భారతం మొదట్లోనే కుక్క కథుంది తెలుసా? జనమేజయుడి తమ్ముళ్లు ఏ తప్పూ చేయని కుక్కపిల్లని కొడితే, దాని తల్లి సరమ రాజునే నిలదీసింది. నన్నయ్యగారు ఆదిపర్వంలో రాశారు." అంతకన్నా ఏమీ అనలేదు. ఆ రాత్రి పెరటి తలుపు దగ్గర పాత గోనెసంచి ఒకటి పరిచి ఉంది.

సంక్రాంతికి ఎదురింటి అబ్బాయి వచ్చాడు. గేటు దగ్గర వాడి గొంతు వినగానే పింకీ సన్నగా మూలుగుతూ వెళ్లి వాడి కాళ్ల మీద పడిపోయింది. వాడు అక్కడే కూలబడి ఏడ్చాడు. వాళ్లమ్మ గేటు బయటే నిలబడి, "తెలియక కాదండీ, తీరిక లేక" అంది. నాకేం మాట్లాడాలో తెలియలేదు. ఆరు నెలలు కిటికీలోంచి చూసిన నాకు ఆవిణ్ణి అనే హక్కేముంది?

ఆ వారం నాకు నిద్ర పట్టలేదు. ఇంత ప్రేమించేవాడి నుంచి విడదీసి వేరేవాళ్లకి ఇవ్వడం న్యాయమేనా? కనుమ మర్నాడు వాణ్ణే అడిగాను, మళ్లీ తీసుకెళతావా అని. పదహారేళ్ల పిల్లాడు తల వంచుకుని, "వద్దాంటీ. నేను మళ్లీ వెళ్లిపోతాను. అది మళ్లీ ఎదురుచూస్తుంది" అన్నాడు. పెద్దవాళ్లం ఎవరం ఆలోచించని మాట వాడు ఆలోచించాడు.

పింకీకి కొత్త ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. ఒకాయన పిల్లలు పెట్టించి అమ్ముకోవడానికి అడిగాడు. ఇవ్వలేదు. ఒకావిడ తన బాబు పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ ఇస్తానంది. ఆవిడతో చాలాసేపు మాట్లాడి, క్షమించమన్నాను. చివరికి గోదావరి అవతల కొవ్వూరులో రిటైరైన టీచరుగారు, ఆవిడ చెల్లెలు ముందుకొచ్చారు. ముందు వాళ్లిల్లు వెళ్లి చూశాను. పింకీకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, కోలుకున్నాక ఫిబ్రవరిలో పంపాం. కట్టేయమని, వల్ల కాకపోతే ఎవరికో ఇవ్వకుండా మాకే తిరిగిస్తామని కాగితం రాయించుకున్నాను. ఆవిడ నవ్వి, కళ్లజోడు పెట్టుకుని ప్రతి అక్షరం చదివి మరీ సంతకం చేశారు.

ఇలా కొంతకాలం సాకి, బాగుచేసి, వేరే ఇంటికి అందించడాన్ని ఫోస్టరింగ్ అంటారు. "అమ్మాయిని అత్తారింటికి పంపినట్టుందా?" అని అడిగారు చాలామంది. లేదండీ. ఇరిగిన కాలికి కట్టు కట్టి, అతుక్కున్నాక విప్పినట్టుంది. ఉంచేసుకోవాలని నాకూ అనిపించింది. కానీ మా పెరడు ఖాళీ అయితేనే ఇంకోదానికి చోటు. షెల్టర్లు ఎన్నున్నా చాలవు. ఇలాంటి పెరళ్లూ వరండాలూ వంద కావాలి.

అందరం ఈ పని చేయలేకపోవచ్చు. పర్వాలేదు. పుట్టినరోజుకి కుక్కపిల్ల కావాలని పిల్లాడు మారాం చేసినప్పుడు, "వీడు చదువుకి వెళ్లిపోయాక దీన్ని ఎవరు చూస్తారు?" అని ఒక్కసారి అడగొచ్చుగా? అది పన్నెండు, పదిహేనేళ్లు బతికే ప్రాణి. పక్కింట్లో కట్టేసిన కుక్క కనిపిస్తే, తిట్టడానికి కాకుండా "సాయంత్రం నేను కాసేపు తిప్పనా?" అని అడగొచ్చుగా? తీరిక లేనివాళ్లకి కావలసింది నీతులు కాదు, కాస్త చేయూత.

కొవ్వూరు వెళ్లిన నెల రోజులకి టీచరుగారు ఫోన్ చేశారు. "ఏమమ్మా, నోరులేని కుక్కన్నావు! పొద్దున్నే పాలవాణ్ణి చూసి ఒకటే మొరుగుడు. మాన్పించడానికి ఏదైనా ఉపాయం ఉందా?" అన్నారు.

మా ఇంట్లో మూడు నెలల్లో ఒక్కసారి కూడా మొరగలేదు అది.

"నాలుగు రోజులు మొరగనివ్వండి మాస్టారూ" అన్నాను.