స్క్రూడ్రైవర్ మన చేతికి బరువా?

బీరువాలో చీరల అడుగునో, అటక మీది అట్టపెట్టెలోనో ఒక పాత వాక్‌మన్ చాలా ఇళ్లలో ఇంకా ఉంది. పక్కనే నాలుగు క్యాసెట్లు. ఒకదానిలో అమ్మ పాడిన మంగళహారతి, మరోదానిలో పిల్లల వచ్చీరాని మాటలు. సినిమా పాటలైతే ఫోన్లో వినొచ్చు. ఈ గొంతులు మరెక్కడ దొరుకుతాయి? తీరా క్యాసెట్ పెడితే చక్రం తిరగదు, తిరిగినా పాట సాగుతూ వస్తుంది. "అబ్బే, అదింక పనికిరాదు, పారేయ్" అంటారు ఇంట్లోవాళ్లు.

నిజంగా పనికిరాదా? సోనీ సంస్థ 1979లో జపాన్‌లో మొదటి వాక్‌మన్‌ను అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత వచ్చిన ఇలాంటివాటిలో చాలావరకు మోటారుకీ చక్రాలకీ మధ్య ఉండేది ఒక సన్నని రబ్బరు బెల్టు. ఏళ్లు గడిచేకొద్దీ అది సాగిపోతుంది, లేదా కరిగి జిగురవుతుంది. చాలాసార్లు అసలు జబ్బు అదే!

సెల్స్ తీసేసి, వెనక మరలు విప్పి, విప్పిన వరసలోనే కాగితం మీద పెట్టుకోండి. బెల్టు ఏ చక్రం మీదుగా వెళ్తోందో ఫొటో తీసుకోండి. జిగురును స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడిచి, అదే కొలత బెల్టు వేయండి. శబ్దం మందంగా ఉంటే టేపు ఆనే హెడ్డునూ అలాగే తుడవండి. సెల్స్ పెట్టేచోట చిలుము పడితే గీకేయండి. ముందు పనికిరాని క్యాసెట్‌తో పరీక్షించండి. అమ్మ గొంతున్నది ఆ తర్వాతే. ఛార్జింగ్ పెట్టే ప్లేయర్లలో బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ముట్టుకోకుండా మెకానిక్‌కు చూపించండి.

కుట్టుమిషన్ బెల్టు తెగితే మనమే వేసుకుంటాం. కుక్కర్ గాస్కెట్ మార్చడానికి ఎవరినీ పిలవం. మరి ఈ చిన్న బెల్టు దగ్గరే చెయ్యెందుకు వెనక్కి పోతుంది? చిన్నప్పుడు అన్నయ్య రేడియో విప్పితే "ఇంజనీరవుతాడు" అన్నారు. మనం ముట్టుకుంటే "పాడుచేస్తావ్, అక్కడ పెట్టు" అన్నారు. ఆ మాట మన చేతుల్లో ఇంకా ఉండిపోయింది.

వస్తువుల మరమ్మతు సమాచారం జనానికి అందాలని కేంద్ర ప్రభుత్వం 2022లో 'రైట్ టు రిపేర్' పోర్టల్ ప్రారంభించింది. మంచిదే. కానీ విప్పి చూసే ధైర్యం లేకపోతే ఏ హక్కయినా కాగితం మీదే ఉంటుంది.

ఈ ఆదివారం ఆ పెట్టె దించండి. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, స్క్రూడ్రైవర్ తన చేతికే ఇవ్వండి. పాట సరిగ్గా రాగానే ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి. ఒకవేళ బాగుపడకపోయినా నష్టమేముంది? ఎలాగూ పారేద్దామనుకున్నదే కదా! బాగుపడితే మాత్రం, అమ్మమ్మ గొంతును మనవరాలే తన చేతులతో తిరిగి తెచ్చుకున్నట్టు.