ఒకే ఇంట రెండు పొయ్యిలు

మా మదరసా కార్యాలయంలోని ల్యాప్‌టాప్ ఒక దాత ఇచ్చినది. దాని వయసు తొమ్మిదేళ్లు. అందులోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. మా యంత్రానికి ఆ అర్హత లేదు. కొత్తది కొనడమంటే పిల్లల భోజనపు ఖర్చులో నుంచి తీయడమే. అప్పుడు మా పూర్వ విద్యార్థి, ప్రస్తుతం డిగ్రీలో కంప్యూటర్లు చదువుతున్న అబ్బాయి వచ్చి, "హజ్రత్, లినక్స్ వేద్దాం. పాత యంత్రం మీద కూడా చక్కగా నడుస్తుంది" అన్నాడు.

లినక్స్ పుట్టుక మాకు నచ్చిన విషయం. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దానిని మొదలుపెట్టాడు. ఎవరైనా వాడుకోవచ్చు, నకలు తీసి పొరుగువారికి ఇవ్వవచ్చు. దాని లైసెన్సే ఆ అనుమతి ఇస్తుంది. అయితే మా ఉర్దూ ప్రశ్నపత్రాలన్నీ ఇన్‌పేజ్‌లో ఉన్నాయి, అది విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్. కనుక రెండూ ఉండాలని నిర్ణయించాము.

ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేరు పొయ్యి పెట్టుకున్నట్లే ఈ ఏర్పాటు కూడా. హార్డ్‌డిస్క్‌ను భాగాలుగా విడగొట్టి, ఒక భాగంలో విండోస్‌ను, మరొక భాగంలో లినక్స్‌ను ఉంచుతారు. మీట నొక్కగానే గ్రబ్ అనే చిన్న ప్రోగ్రామ్ తెర మీదికి వచ్చి, ఏది కావాలని అడుగుతుంది. ఒక సమయంలో ఒక్కటే నడుస్తుంది. రెండూ ఒకేసారి నడవాలంటే వర్చువల్‌బాక్స్ వంటి సాఫ్ట్‌వేర్ ద్వారా ఒకదాని లోపల మరొకదాన్ని అతిథిలా కూర్చోబెట్టాలి. కానీ అతిథికి కూడా ర్యామ్‌లో వాటా ఇవ్వాలి. మా యంత్రంలో ఉన్నది 4 జీబీ. అది ఇంటివారికే చాలదు.

ఇక్కడ మా పొరపాటు చెప్పక తప్పదు. అసర్‌కూ మగ్రిబ్‌కూ నడుమ, తొందరలో పని మొదలుపెట్టించాము. లినక్స్‌ను ఎక్కించేటప్పుడు తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: విండోస్ పక్కన ఉంచమంటారా, డిస్క్ మొత్తం తుడిచి ఉంచమంటారా? అబ్బాయి వేలు రెండవ దాని మీద పడింది. పది నిమిషాల్లో అంతా తుడిచిపెట్టుకుపోయింది. ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది. తప్పు అతనిది కాదు, నకలు తీయించకుండా అనుమతి ఇచ్చిన మాది.

ప్రశ్నపత్రాలు మళ్లీ టైపు చేయించవచ్చు. చందాల లెక్కలను రసీదు పుస్తకాల్లోని చెక్కుముక్కల నుంచి మూడు వారాలు కూర్చుని తిరిగి రాశాము. కర్జె హసనా ఖాతా మాత్రం పద్నాలుగు నెలలుగా ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉండేది. అప్పు తీసుకున్న ఒక వితంతువు ఎన్ని వాయిదాలు కట్టారో మా దగ్గర ఆధారం లేదు. కబురు పంపితే ఆమె కొంగు ముడి విప్పి మూడు చీటీలు తీసి ముందుంచారు. మేము చేత్తో రాసి ఇచ్చిన చీటీలే. అప్పు తీసుకున్నవారు భద్రంగా దాచుకున్నారు, అమానతు మోసిన మేము దాచలేదు. ఆ మధ్యాహ్నం ఆమె ముందు తల ఎత్తలేకపోయాము.

రెండవసారి నిదానంగా చేయించాము. పాఠకుల ఇళ్లలో బి.టెక్ చదివే పిల్లలు ఈ పనికి పూనుకుంటే పెద్దలు పక్కన కూర్చుని చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మొదట మొత్తం ఫైళ్ల నకలు వేరే హార్డ్‌డిస్క్‌లోకి తీసి, ఆ నకలు తెరుచుకుంటున్నదో లేదో కూడా చూడాలి. విండోస్‌లో బిట్‌లాకర్ తాళం ఉంటే దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోవాలి. అది లేకుంటే మీ ఇంటి తలుపు మీకే తెరుచుకోకపోవచ్చు. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయాలి. అది ఉన్నంతకాలం విండోస్ పూర్తిగా నిద్రపోదు. ఆ సగం నిద్రలో లినక్స్ వెళ్లి ఫైళ్లను కదిలిస్తే అవి చెడిపోయే ప్రమాదం ఉంది. రెండూ కొత్తగా వేయవలసి వస్తే విండోస్ ముందు, లినక్స్ తర్వాత. అసలు నచ్చుతుందో లేదో తెలియనివారు డిస్క్ ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్‌ను నడిపి చూడవచ్చు.

మునుపటి ఇన్‌పేజ్ ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసినది. సొమ్ము ఎవరిది అని మేము ఏనాడూ అడగలేదు. ఈసారి వెల చెల్లించి తీసుకున్నాము. విండోస్‌కు ఇంటర్నెట్ ఇవ్వడం లేదు, అది ప్రశ్నపత్రాలకే పరిమితం. మిగిలిన పనులన్నీ లినక్స్‌లోనే.

ఒక వింత కూడా జరిగింది. జుహర్ వేళ, 1:10కి విండోస్ తెరిస్తే గడియారం ఉదయం 7:40 చూపింది. లోపలి గడియారంలోని సమయాన్ని లినక్స్ అంతర్జాతీయ సమయంగా లెక్కిస్తుంది, విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది. మనకు తేడా ఐదున్నర గంటలు. "హజ్రత్, ఇంకా నాష్తా వేళే" అని పిల్లలు నవ్వారు. లినక్స్‌కు ఒక్క ఆదేశం ఇస్తే అది కూడా స్థానిక సమయాన్నే పాటిస్తుంది. ఆ అబ్బాయే వచ్చి సరిచేశాడు.

ఇప్పుడు ప్రతి గురువారం సాయంత్రం, సెలవుకు ముందు, ఖాతాల నకలు తీసి బీరువాలో పెడుతున్నాము. ఆ అమ్మగారి మూడు చీటీల నకళ్లు కూడా అందులో ఉన్నాయి.