కథ వెనుక సంగీతమా, సంగీతము వెనుక కథయా?

సెలవు దినములలో మన కొన్ని యిండ్లయందొక క్రొత్త వినోదము కానవచ్చుచున్నది. నలుగురైదుగురు పిల్లలు బల్ల చుట్టును కూర్చుందురు. ఒకరు కథ చెప్పుదురు. తక్కినవారు తలకొక పాత్రను ధరించి ఆ కథలో ప్రవేశింతురు. కోట తలుపు తట్టవలెనా, దొడ్డిదారిని పోవలెనా, అడవిలోని ముసలమ్మను నమ్మవలెనా యనునది వారే నిర్ణయింతురు. జయాపజయములు పాచిక తేల్చును. 1974వ సంవత్సరమున అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటతో లోకమున వ్యాపించిన క్రీడ యిది. బెంగుళూరునను హైదరాబాదునను చదువుకొను మన పిల్లలు దీనిని దేవదుర్గమునకును తెచ్చిరి. తెచ్చినందుకు మేము వారిని నిందింపము. ఫోను ప్రక్కనబెట్టి, ఒకరి ముఖమొకరు చూచుకొనుచు మూడుగంటలసేపు మాటలాడుకొను పిల్లలను నిందించు పెద్దలెవరు?

కాని ప్రక్కనబెట్టిన యా ఫోను ఊరకుండుట లేదు. ఆట మొదలైనది మొదలు ముగియువరకు దానినుండి సంగీతము ప్రవహించుచునే యున్నది. మా తగవు ఆటతో గాదు, ఈ సంగీతముతోనే.

ఇటీవల ఒక యింట మేమీ యాటను చూచుచు కూర్చుంటిమి. కృష్ణ యొడ్డున పాడుపడిన కోట. లోపల బందీయైన రాకుమారుడు. బయట నలుగురు బాటసారులు. కథ ముచ్చటగా నడచుచుండెను. మంత్రి పాత్ర ధరించిన పదేండ్ల బాలుడు, తెలుగు ధారాళముగా రానివాడు, మాటలు కూడబలుకుకొని కావలివానితో "అయ్యా, మేము మీ శత్రువులము కాము" అనెను. అదే క్షణమున ఫోనులో భేరీలు మ్రోగినవి. ఎవరికిని వినబడలేదు. "ఏమంటివిరా?" అని అన్న యడిగెను. బాలుడు మరల చెప్పెను, మరల వినబడలేదు. మూడవమారు వాడు ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి, తల వంచుకొని పాచిక వేసెను. ఆ రాత్రి మరల వాడు తెలుగున నోరు విప్పలేదు.

ఇది చిన్న సంగతియని కొందరనవచ్చును. మేమట్లు తలపము. రాయచూరు జిల్లా 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రమునుండి విడివడి మైసూరు రాష్ట్రమున చేరినది. నాటినుండి మన పిల్లలకు బడిలో కన్నడమో ఇంగ్లీషో, బజారులో కన్నడము. అందు తప్పేమియు లేదు. కన్నడము మనకు అన్నము పెట్టిన భాష. దానిని చక్కగా నేర్చుట మన ధర్మము. కాని తెలుగునకు మిగిలిన చోటెంత? వంటయిల్లు, పెండ్లిపందిరి, ఈ బల్ల. వంటింటి తెలుగునకు "ఉప్పు తెమ్ము, తలుపు వేయుము" అను మాటలు చాలును. బ్రతిమాలుటకు, బెదిరించుటకు, సందేహించుటకు, సంధి చేసికొనుటకు కావలసిన తెలుగు కథలోనే దొరకును. అట్టి బల్లపై మాటను ముంచివేయు సంగీతము మన కొక్క ఆటనే కాదు, ఒక భాషావకాశమునే పోగొట్టుచున్నది.

సంగీతపక్షమువారి వాదమును మేమెరుగుదుము. సంగీతము రసమును పుట్టించును. బిడియస్థుని బిడియము పోగొట్టును. వీధిలోని మోటారు రొదను మరపించును అందురు. నిజమే. భయానకమైన గుహలోనికి పోవునపుడు సన్నని తంత్రీనాదము వినబడిన, పిల్లల కన్నులు పెద్దవగుట మేమును చూచితిమి. సంగీతము వలదని మేమనుట లేదు. సంగీతమునకు ఊరకుండుట తెలియవలెనని మాత్రమే మేమనుచున్నాము.

ఈ విషయమున మన పెద్దలకు తెలియనిది లేదు. ఈ కర్ణాటకముననే కరావళి, మలెనాడు సీమలలో తాళమద్దళె యను కళ కలదు. వేషములు లేవు, నాట్యము లేదు. కళాకారులు వరుసగా కూర్చుండి, ఒకరు కృష్ణుడై, ఒకరు కర్ణుడై, అప్పటికప్పుడు మాటలు కల్పించుకొని వాదింతురు. మన పిల్లల బల్లయాటకు ఇంతకంటె దగ్గర చుట్టము మరియొకటి లేదు. అందు భాగవతుడు పద్యము పాడును. చెండ, మద్దెల మ్రోగును. పాట ముగియగానే వాద్యములు నిలిచి, అర్థధారి నోరు విప్పును. అతడు మాటలాడునంతసేపు మాటదే రాజ్యము.

మన బుర్రకథను చూడుడు. ప్రధాన కథకుడు తంబుర మీటుచు కథ నడుపును. ఇరుప్రక్కల వంతలు డక్కీలు వాయించుచు వంత పాడుదురు. ఆ వాయించువారే కథకుని ప్రశ్నింతురు, హాస్యమాడుదురు, ఆశ్చర్యపడుదురు. అనగా వాద్యము చేతబట్టినవాడు కథను చెవులారా వినుచున్నాడు. తోలుబొమ్మలాటలోను తెరవెనుక బొమ్మనాడించువారే మాట చెప్పుదురు, పాట పాడుదురు, కాలితో చెక్కబల్లను తొక్కి యుద్ధధ్వని పుట్టింతురు. వారి చప్పుడు కథయొక్క చప్పుడు. ఫోనులోని పాటకు చెవులు లేవు. కథలో తల్లి యేడ్చుచున్నను, విదూషకుడు నవ్వించుచున్నను, అది తన దారిని తాను పోవుచుండును.

భరతముని నాట్యశాస్త్రమున ధ్రువాగానమును ఐదు విధములుగా విభజించెను. పాత్ర వచ్చునపుడు ప్రావేశికి, పోవునపుడు నైష్క్రామికి, రసము హఠాత్తుగా మారునపుడు ఆక్షేపికి, కలతపడిన మనస్సును తేర్చుటకు ప్రాసాదికి, నడుమ కలిగిన వెలితిని కప్పుటకు అంతర. ప్రతిదానికి ఒక పని, ఒక వేళ. ఎడతెగక వినిపింపవలసిన ఆరవ విధము నాయన చెప్పలేదు.

దూరమేల? మనవలెనే కన్నడసీమలో తెలుగు దీపము నిలిపిన బళ్లారిని తలచుకొందము. తెలుగు నాటకమున పాటలకు పెద్దపీట వేసినవారిలో బళ్లారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ముఖ్యులు. వారి మేనల్లుడైన బళ్లారి రాఘవ (1880–1946) పద్యమును రాగాలాపనతో సాగదీయుటను నిరసించి, భావమునకే పట్టము గట్టెను. మేనమామ సంగీతమునకు తలుపు తెరచెను. మేనల్లుడు దానిని గడపవద్ద నిలబెట్టెను. ఇరువురును నాటకమునకు మేలే చేసిరి. కాని సంగీతము ఇల్లాక్రమించిన వేళ రాఘవ వలె నడ్డగించువాడు కావలెను. నేడు మన బల్లలవద్ద కావలసినది అట్టివాడే.

కావున పిల్లలకు, వారిని కన్న తల్లిదండ్రులకు మా మనవి యిది. ఆటకు ముందు, కథలో స్థలము మారునపుడు, అంకము ముగిసినపుడు సంగీతము వినిపింపుడు. ఎవరైన మాటలాడుచుండగా వలదు. మాటలున్న పాటను ఎన్నడును పెట్టవలదు. పాటలోని మాట మన మాటతో పోటీపడును, చెవి రెంటిని ఒకేసారి పట్టజాలదు. కథకుడు గొంతు పెంచవలసి వచ్చిన, హెచ్చైనది ధ్వనియని గ్రహించి తగ్గింపుడు. పాచిక దొర్లునపుడు నిశ్శబ్దముండనిండు. ఆ నిశ్శబ్దమునకు మించిన మద్దెల లేదు. అన్నిటికంటె మేలైన దొకటి కలదు: ఇంటిలో తాళములున్నవి, గజ్జెలున్నవి, ఇత్తడి పళ్లెమున్నది. ఆటలో చేరుటకు సిగ్గుపడు పిల్లకు వానిని చేతికిండు. ఏనుగు వచ్చినపుడు పళ్లెము మ్రోగించుట ఆ పిల్ల పని. అప్పుడా పిల్ల కథను మాటమాటగా వినును. విన్న పిల్ల రేపు మాటలాడును.

"ఆటను కూడ పాఠముగా మార్చుచున్నారే" అని యువకులు మాపై కోపింపవచ్చును. కోపింతురుగాక. మేము పాఠము కోరుట లేదు. తడబడుచు పలికిన ఒక పసివాని తెలుగు వాక్యము బల్ల ఆ చివరివరకు చేరవలెనని మాత్రమే కోరుచున్నాము. ఆ రాత్రి కావలివానికి వినబడియున్నచో, కోట తలుపు తెరచియుండునేమో!