బడి ముచ్చట్లు: మూడవ తరగతిలో సంత



“మా పిల్ల బడినుండి వచ్చి, నేడు సంత ఆడితిమని యొకనాడు, చింతగింజలు లెక్కపెట్టితిమని మఱియొకనాడు చెప్పుచున్నది. ఇక చదువెప్పుడమ్మా?” అని యొక తల్లి నన్నడిగినది. ఈ ప్రశ్న ఆమె యొక్కతెదే కాదు. తల్లులు నెమ్మదిగా నడుగుదురు. తాతగారలు కొంచెము గట్టిగా నడుగుదురు. కావున ఈ మాసమున, కృష్ణాతీరమందలి మా పల్లెబడిలో గడచిన యేడు మూడవ తరగతి పిల్లలు ఆడిన యాటలను గూర్చియే వ్రాయుచున్నాను.

చదువనగా బెత్తమను భావము మనకు నేటిది కాదు. 1823లో బళ్ళారి జిల్లా కలెక్టరగు కాంబెల్ దొర తన జిల్లాలోని దేశీయ పాఠశాలలను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక పంపెను. ఉదయమున అందఱికంటె ముందు వచ్చిన పిల్లవాని యరచేత సరస్వతి పేరు వ్రాయుదురట. రెండవవానికి సున్న. మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు. ఆపైన వచ్చినవారికి ఒక్కొక్కటి హెచ్చును. ఆ జిల్లాలో నాడు 533 బడులుండగా, అందు తెలుగు బడులు 226. చదువుకొనువారు మొత్తము 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది! మా హాజరుపట్టీలో ఆడుపిల్లల పేర్లు పిలుచునపుడెల్ల ఈ అంకె నాకు జ్ఞప్తికి వచ్చుచుండును. ఆ బడులలో మంచి లేకపోలేదు. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించుట, పెద్దపిల్లలచేత చిన్నవారికి చెప్పించుట మన పాతబడుల పద్ధతులే. ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు మదరాసులో నుండి వీనిని గ్రహించి, 1797లో పుస్తకము వ్రాసి తన దేశమువారికి తెలియజేసెను. మేము ఇసుకపళ్ళెమును ఉంచుకొంటిమి. బెత్తమును 2009 నాటి విద్యాహక్కు చట్టము బడినుండి సాగనంపినది.

ఇక మా సంత. ప్రతి శనివారము మధ్యాహ్నభోజనమైన పిదప జరుగును. కూరగాయలు బంకమట్టితో పిల్లలే చేసిరి. దోసకాయకు పసుపు పూసిరి. వంకాయ మాత్రము ఎంత చేసినను వంకాయవలె కుదురలేదు. త్రాసుకు రెండు కొబ్బరిచిప్పలు, ఒక పుల్ల, కొంత పురికొస చాలినవి. పాత క్యాలెండరు కాగితములు నోట్లయ్యెను. సగముమంది అమ్మువారు, సగముమంది కొనువారు, వారమువారమును మార్పు. బేరమాడుటకు సెలవిచ్చితిని. ఆ బేరములను మీరు వినవలెను! “ఇంత ముదురు గోంగూర మా గేదె కూడా తినదు” అని యొక చిన్నది మూతి త్రిప్పినది. అది ఎవరి నోటిమాటయో నాకు తెలియును. ఆ తల్లి ఈ పుట చదువకుండుగాక!

మా తరగతిలో నొక బాలిక కలదు. దానిని పలకమీద 100లో నుండి 63 తీసివేయుమనిన 163 అని వ్రాయును. సున్నలో మూడు పోదు గనుక మూడింటిలోనే సున్నను తీయుట. సున్నలో ఆరు పోదు గనుక ఆరింటిలోనే సున్నను తీయుట. ముందున్న ఒకటిని దింపుట. ఈ పొరపాటు చాలమంది పిల్లలు చేయుదురు. ఇంట పలక చూచిన తల్లులు సులభముగా కనిపెట్టవచ్చును. అదే బాలిక సంతలో 63 రూపాయల సరుకునకు నూఱు రూపాయల నోటు పుచ్చుకొని, రెప్పపాటులో 37 రూపాయలు తిరిగి యిచ్చినది. ఎట్లు చేసితివే యనగా, “అరవైమూడుకి ఏడేస్తే డెబ్బై, ముప్పై వేస్తే వంద” అన్నది. తీసివేతను కూడికగా మార్చుకొనినది! దాని నాయనమ్మ కూరగాయల గంప నెత్తిన పెట్టుకొని వీధులు తిరుగును. సెలవుదినములలో పిల్ల వెంట పోవును.

ఇది మా పల్లెకే చెల్లిన వింత కాదు. బ్రెజిలు దేశమున రెసిఫె నగరపు వీధులలో సరుకులమ్ము పిల్లలను పరీక్షించి, ముగ్గురు పండితులు 1985లో ఒక వ్యాసము ప్రకటించిరి. బేరముల నడుమ అడిగిన లెక్కలలో నూటికి 98 ఆ పిల్లలు సరిగా చెప్పిరి. అట్టి లెక్కలనే కాగితముపై వట్టి అంకెలుగా నిచ్చినపుడు నూటికి 37 మాత్రమే సరియయ్యెను. నోటిలెక్కను పలకమీదికి ఎక్కించుటయే మా సంతయొక్క పని. అమ్మకము కాగానే పిల్ల తాను చేసిన లెక్కను ఇసుకలో గీతగీసి చూపవలెను: 63 నుండి 70కి ఒక గంతు, 70 నుండి 100కి ఒక గంతు. ఇంటిలో చేయగోరు తల్లులు పాలలెక్కను పిల్లలచేతి కిచ్చి చూడుడు.

తక్కిన యాటలను క్లుప్తముగా చెప్పెదను. పది చింతగింజలొక అగ్గిపెట్టెలో, పది పెట్టెలొక సంచిలో. ఒకట్లు, పదులు, వందలు ఇంతకంటె సులభముగా నేర్పు సాధనము నాకు కానరాలేదు. శ్రావణమున పిల్లలు తమ యింటికి తామే కార్డులు వ్రాసుకొని, తపాలావానికై వాకిట కాచుకొనిరి. పూర్వము దసరాకు పిల్లలు విల్లంబులు పట్టి, పంతులుగారి వెంట ఇంటింట పద్యములు పాడి, ఆయనకు కానుకను, తమకు పప్పుబెల్లములను పుచ్చుకొనెడివారు. మేము కానుకను మాని పప్పుబెల్లములను నిలిపితిమి. ఎవరికిని అభ్యంతరము లేకపోయెను.

సంక్రాంతి గడచినది. మిరపకోతలు వచ్చినవి. ఆ బాలిక తల్లి కూలికి పోసాగెను; పిల్ల బడికి రాలేదు. ఒక వారము చూచి వారి యింటికి పోతిని. మూడేండ్ల తమ్ముని చంకనెత్తుకొని వాకిట నిలుచున్నది. నాయనమ్మ చెప్పిన మాట నన్ను నిరుత్తరను జేసినది.

“పంతులమ్మగారూ, మీ సంతలో మా పిల్లే అందరికన్నా గట్టిదని మీరే చెప్పారుగా! లెక్కలొచ్చేశాయి. ఇంకెందుకమ్మా బడి? పిల్లోణ్ణి చూసుకుంటుంది, నాకూ తోడుంటుంది.”

ఆటలో వచ్చిన కీర్తియే ఆ పిల్ల చదువునకు అడ్డు వచ్చెను! చట్టముల మాట నేనెత్తలేదు. “మామ్మా, నీకు బాకీ ఉన్నవాళ్ళెవరో చెప్పు” అంటిని. ముసలామె వ్రేళ్ళు మడచుచు పదునొక యిండ్లు చెప్పినది. పండ్రెండవ యింటికడ ఆగిపోయినది. ఆ ఇల్లాలు ఇచ్చితిననును. ఇచ్చినట్లు తనకు జ్ఞాపకము లేదు. “చిల్లర నోటితో చెప్పొచ్చు మామ్మా. అప్పు రాసిపెట్టకపోతే ఎట్లా?” అని యడిగితిని. చిన్నవానిని అంగన్‌వాడీకి పంపుట, పిల్ల పగలు బడికి వచ్చి సాయంకాలము పద్దులు వ్రాయుట: ఇది నా యేర్పాటు. తల్లి కూలినుండి వచ్చి, విని, ఒక్కమాటలో సరే యన్నది. నాయనమ్మకు ఇంకను నాలుగు దినములు పట్టెను. మొత్తము 19 దినముల హాజరు పోయినది.

అది వచ్చిననాడు తరగతి యంతయు పద్దుపుస్తకములు కుట్టుకొన్నది. తేది, పేరు, సరుకు, సొమ్ము, ముట్టినది అని గడులు గీయించితిని. పాఠములో ఒత్తులకై యెన్నడును నన్నడుగని పిల్ల, బాకీదారుల పేర్లలో ఒత్తులకై దినదినమును నా బల్లకడకు రాసాగెను. పేరు తప్పు వ్రాసిన వారు బాకీ కాదందురని దాని భయము.

ఏప్రిలులో బడి మూయుటకు రెండుదినములు ముందు నాయనమ్మ గంపతో మా యింటికి వచ్చి, కొంగునుండి ఆ పుస్తకము తీసినది. “ఇందులో ఏం రాసిందో చదువమ్మా, నేనూ వింటాను” అన్నది. చదివితిని. పద్దులు 14, ముట్టినవి 9. మొదటి పుటలో మూడవ పద్దు నాదే: గోంగూర 2 కట్టలు, 30 రూపాయలు. ముసలామె నవ్వుచు గంప దింపినది. నేను డబ్బుల సంచికై లోపలికి పోతిని.