బిట్టు విరిగింది... ఇప్పుడేం చేద్దాం?

ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. డ్రిల్లింగ్ మిషన్ దగ్గర మాత్రం ఈ సామెత రెండువైపులా మోగుతుంది. కర్టెన్ రాడ్డుకో, గీజరు బిగించడానికో గోడకు కన్నం పెడుతుండగా 'టక్'మని బిట్టు విరుగుతుంది. 'సరుకు మంచిది కాదండీ' అంటాడు మెకానిక్. 'చేతకాక విరగ్గొట్టి...' అని గొణుక్కుంటారు ఇంటివాళ్లు. చాలాసార్లు తప్పు బిట్టుదీ కాదు, పూర్తిగా మనిషిదీ కాదు. గోడ లోపల ఏముందో బయటికి కనపడకపోవడమే అసలు చిక్కు. బిట్టు విరగకుండా చూసుకోవడం నేర్పే. విరిగాక ఏం చేయాలో తెలియడం అంతకన్నా పెద్ద నేర్పు. ఆ పది నిమిషాలు తొందరపడితే పాడయ్యేది గోడ ఒక్కటే కాదు... మణికట్టు, ఒక్కోసారి కన్ను కూడా!

గట్టిదనమే బలహీనత

ఇనుముకు వాడే హైస్పీడ్ స్టీలు బిట్టు వేగంగా తిరిగినా తట్టుకుంటుంది. కాస్త పక్కకు వంచితే మాత్రం పుటుక్కుమంటుంది. గోడలకు వాడే బిట్టు కొసన టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క అతికించి ఉంటుంది. ఇటుకనీ కాంక్రీటునీ పిండి చేసే ఆ ముక్క, లోపల ఇనుప ఊచ తగిలితే పగిలిపోతుంది. లేదంటే వేడికి అతుకు వదిలేసి ఊడిపోతుంది.

పొడి బయటికి రాకపోవడం మరో కారణం. బిట్టుకు మెలితిరిగిన గాడులు ఉండేది ఆ పొడిని పైకి లాగడానికే. అమెరికాకు చెందిన స్టీఫెన్ మోర్స్ 1863లో ఈ మెలి బిట్టుకు పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు ఎక్కువగా వాడినవి చదును మొనలే. మన వడ్రంగులు తాడు చుట్టి లాగే బరమాదీ ఆ పద్ధతే. కన్నం లోతయ్యేకొద్దీ గాడులు పొడితో పూడుకుపోతాయి. బిట్టు బిగుసుకుంటుంది, మిషను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ రెంటి మధ్య నలిగి బిట్టు తెగుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు నాలుగైదు సెకన్లకోసారి బిట్టును వెనక్కి లాగి పొడి రాల్చి మళ్లీ మొదలుపెడతారు.

ఇనుప రేకు విషయంలో ఆఖరి క్షణమే గండం. బిట్టు అవతలికి దూసుకుపోయేటప్పుడు రేకు అంచు దాన్ని పట్టేస్తుంది. అక్కడ ఒత్తిడి తగ్గించాలి. చాలామంది అప్పుడే పని అయిపోతోందని ఇంకాస్త నొక్కుతారు.

ముందు ప్లగ్గు తీయాలి

విరిగిన వెంటనే చేయాల్సింది స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకేయడం. ఆ తర్వాత విరిగిన ముక్క ఎక్కడ పడిందో వెతకాలి. ఇంట్లో పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు కదా! బిట్టును వెంటనే చేత్తో పట్టుకోకూడదు, చుర్రుమని కాలుతుంది.

గోడలో బిట్టు విరగకుండా ఇరుక్కుపోతే మిషను పట్టుకుని ఊపకూడదు. చక్ వదులు చేసి మిషను తీసేయాలి. బిట్టును వైస్ గ్రిప్‌తో పట్టుకుని, గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పుతూ మెల్లగా లాగితే వచ్చేస్తుంది. విరిగిన ముక్క కొస బయటికి ఉన్నా ఇదే పద్ధతి. మరీ లోపలికి ఉంటే వదిలేయడమే మేలు. గోడలో మిగిలిన అంగుళం ఇనుము కన్నా, దాన్ని తీయాలని తవ్వే గుంతతోనే గోడకు ఎక్కువ నష్టం. కన్నాన్ని పుట్టీతో పూడ్చి, అంగుళమో రెండంగుళాలో పక్కకు జరిగి కొత్త కన్నం వేసుకోవచ్చు. స్నానాలగదిలాంటి తడి గోడల్లో అయితే నీళ్లు దిగకుండా గట్టిగా మూయాలి, లేకపోతే తుప్పు మరక బయటికొస్తుంది. స్తంభంలోనో బీములోనో ఊచ తగిలిందంటే దాన్ని కోసే ప్రయత్నమే చేయొద్దు. ఇంటి బరువు మోసేది అదే.

చెక్కలో అయితే తీయడం తేలిక. విరిగిన ముక్క పక్కనే సన్నటి కన్నాలు రెండు మూడు వేసి, సన్నమూతి పటకారుతో బయటికి లాగొచ్చు. తర్వాత ఆ గుంతలో చెక్క బిరడా జిగురుతో దిగ్గొట్టి, ఆరాక సాపు చేస్తే మచ్చ తెలియదు.

ఇనుములోనే అసలు పరీక్ష. ఇనుములో విరిగిన బిట్టును మామూలు బిట్టుతో తొలవలేం. రెండూ ఒకే గట్టివి మరి! కొస పైకి కనపడితే దానిమీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, స్పానరుతో తిప్పుతారు. లోపలే ఉండిపోతే సన్నటి పంచ్‌తో మెల్లగా కొట్టి కదుపుతారు. అదీ కుదరకపోతే స్పార్కు ఎరోజన్ మిషన్ ఉన్న వర్క్‌షాపుకు తీసుకెళ్లాల్సిందే. విద్యుత్ మెరుపులతో ముక్కను కొంచెం కొంచెంగా తినేసే మిషను అది. అమెరికాలో 1940ల్లో ఈ పద్ధతి మీద పనిచేసిన ఇంజినీర్లు మొదట పెట్టుకున్న లక్ష్యమే విరిగిన బిట్లను బయటికి తీయడం.

గడియారాలవాళ్ల పటిక చిట్కా

ఇత్తడి ముక్కలో సన్నటి స్టీలు బిట్టో మరో విరిగితే ఏం చేయాలి? గడియారాలు బాగుచేసేవాళ్ల దగ్గర పాత ఉపాయం ఒకటుంది. వేడినీళ్లలో కరిగినంత పటిక కలిపి, ఆ ఇత్తడి ముక్కను అందులో ఉంచుతారు. పటిక నీళ్లు స్టీలును మెల్లమెల్లగా తినేస్తాయి, ఇత్తడి జోలికి పోవు. గంటలు పట్టొచ్చు, రోజులూ పట్టొచ్చు. చుట్టుపక్కల ఉన్న మిగతా స్టీలు భాగాలను ముందే విప్పేయాలి, లేకపోతే అవీ కరిగిపోతాయి. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడకూడదు.

కన్ను పోతే కొనలేం

విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి పక్కలు కూడా మూసి ఉండే కళ్లద్దాలు తప్పనిసరి. నిచ్చెన పట్టుకున్న కుర్రాడికి కూడా! వదులు గ్లౌజులు, వేలాడే చొక్కా చేతులు, మెళ్లో తువ్వాలు మాత్రం వద్దు. తిరిగే బిట్టుకు చుట్టుకుంటే చెయ్యి లోపలికి లాగేస్తుంది.

కంట్లో ఇనుప రజను పడితే పక్కనున్నవాడు రుమాలు కొసతోనో, అగ్గిపుల్లతోనో తీయడం మన దగ్గర మామూలే. అలా చేస్తే నల్లగుడ్డుపై పొర గీసుకుపోతుంది. తీయకుండా వదిలేసినా ఇనుము తుప్పుపట్టి, చుట్టూ వలయంలా మరక కడుతుంది. నలపకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ముక్క గుచ్చుకుందన్న అనుమానముంటే కన్ను కడగొద్దు, నొక్కొద్దు. పైన కాగితం కప్పులాంటిది అడ్డం పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఎప్పుడైనా కంట్లో లోహం ముక్క పడ్డవాళ్లు ఎమ్మారై స్కానింగుకు ముందు ఆ సంగతి తప్పక చెప్పాలి. లోపల ఇనుము మిగిలి ఉంటే ఆ అయస్కాంతానికి కదిలే ప్రమాదం ఉంది.

డబ్బులెవరివి?

చివరికి మిగిలే పేచీ ఇదే. కన్నానికి ఇంత అని మాట్లాడుకుని వచ్చినవాడికి మంచి బిట్టు విరిగితే ఆ పూట సంపాదనలో కోత పడుతుంది. ఆ భయంతోనే అరిగిపోయిన బిట్టుతో నెట్టుకొస్తాడు. మొండి బిట్టుకు బలం ఎక్కువ పెట్టాలి. బలం పెడితే విరుగుతుంది. విరిగితే ఎగురుతుంది. వందో రెండొందలో మిగుల్చుకోబోయి కంటిమీదికి తెచ్చుకోవడమంటే ఇదే.

బ్లేడులా, ఇసుక కాగితంలా బిట్టు కూడా అరిగిపోయే సరుకే. దాని ఖర్చు ఎవరిదో పని మొదలుపెట్టకముందే అనుకుంటే గొడవే ఉండదు. గోడలో కరెంటు పైపు ఎటు వెళ్లిందో, నీళ్ల గొట్టం ఎక్కడుందో, బీము ఎక్కడ మొదలవుతుందో ఇంటివాళ్లు ముందే చెబితే సగం బిట్లు విరగవు. తీరా విరిగినప్పుడు 'త్వరగా కానీయవయ్యా' అని తొందరపెట్టకుండా, ఓ గ్లాసు మంచినీళ్లిచ్చి పది నిమిషాలు ఆగితే... మిగతా పని సవ్యంగా సాగుతుంది.