స్నేహితుల మధ్య కాగితాలెందుకు?

మన విద్యార్థి మిత్రులలో బొమ్మల పుస్తకాల మీద ఉత్సాహం పెరుగుతున్నది. ఒకడు కథ రాస్తాడు, వొకమ్మాయి బొమ్మలు వేస్తుంది, మరొకడు అక్షరాలు దిద్దుతాడు, నాలుగోవాడు జిరాక్సు దుకాణంలో అరువు పెట్టి ప్రతులు తీయిస్తాడు. 24 పేజీల కామిక్ పుస్తకం తయారవుతుంది. అట్టమీద "స్వతంత్ర ప్రచురణ" అని వేస్తారు. చాలా సంతోషం. ఈ ప్రయత్నాన్ని మనసారా ఆహ్వానించేవాళ్ళలో నేనూ వొకణ్ణి. కాని ఆ నలుగురినీ వొకచోట కూచోబెట్టి "ఈ పుస్తకం ఎవరిది?" అని అడిగి చూడండి. ఒకరి మొహం వొకరు చూసుకుంటారు. గట్టిగా అడిగితే, "మేం స్నేహితులం. స్నేహితుల మధ్య కాగితాలెందుకు మాస్టారూ?" అంటారు.

నా తగాదా ఈ మాటతోనే.

దానికి ముందు మన పెద్దల తగాదా వొకటి తేల్చుకోవాలి. బొమ్మల కథ పిల్లల చేష్ట అనీ, అమెరికా నుంచి దిగుమతి అయిన చెత్త అనీ, అభ్యుదయ రచయితకు దానితో పనిలేదనీ కొందరు ఇప్పటికీ అంటున్నారు. బుర్రకథను గురించి కూడా ఇట్లాగే అన్నారు. 1940లలో ప్రజానాట్యమండలి దాన్ని చేపట్టి, నాజరు వంటి కళాకారుడు గొంతెత్తి పాడిన తర్వాత ఆ నోళ్ళు మూతపడ్డాయి. 1994లో ఒరిజిత్ సేన్ నర్మదా ఆనకట్ట నిర్వాసితుల మీద "రివర్ ఆఫ్ స్టోరీస్" వేశాడు. శరద్ శర్మ, ఆయన మిత్రులు పల్లెల్లో మామూలు జనం చేతనే నాలుగు గళ్ళ బొమ్మల కథలు వేయించి, జిరాక్సు తీయించి, టీ కొట్టు గోడలకు అంటించారు. 2011లో అంబేద్కర్ జీవితం మీద వచ్చిన "భీమాయన"లో గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ మనుషుల్ని గళ్ళలో బంధించబోమని చెప్పి, తమ ఇళ్ళ గోడల మీది డిగ్నా ముగ్గులతో పేజీని విడగొట్టారు. ఇవన్నీ చెత్త అనగలవారితో నాకు వాదం లేదు. చూడకుండా మాట్లాడేవారితో వాదించి ప్రయోజనం లేదు.

ఇక అసలు సంగతి. కాగితాలు వద్దన్న స్నేహితుల చరిత్రలో మొదటి పేజీ 1938 నాటిది. జెర్రీ సీగెల్, జో షూస్టర్ క్లీవ్‌లాండ్ నగరంలో బడిలో చదువుకునే రోజుల నుంచి జంట. ఒకడు రాసేవాడు, వొకడు గీసేవాడు. సంవత్సరాల తరబడి ఎవరూ వేసుకోని తమ సూపర్‌మాన్ కథను 130 డాలర్లకు అమ్ముకున్నారు. కథ 13 పేజీలు, పేజీకి 10 డాలర్లు. ఆ డబ్బుతోపాటు పాత్ర మీది సర్వహక్కులూ కంపెనీకి పోయాయి. తర్వాత కోర్టులకెక్కారు, ఓడారు, దరిద్రం అనుభవించారు. 1975లో సూపర్‌మాన్ సినిమా తీయబోతున్నారన్న సందడిలో, సాటి చిత్రకారులు వీధిన పెట్టి గొడవ చేస్తే, కంపెనీ చెరొకరికి సంవత్సరానికి 20,000 డాలర్ల భృతి ఇచ్చి, వాళ్ళ పేర్లు తిరిగి పుస్తకం మీద వేసింది. అంటే 37 సంవత్సరాలు! ఈ కథలో కాగితం లేకపోలేదు. వుంది. అది యజమాని రాయించిన కాగితం. తన కాగితం తాను రాసుకోనివాడు ఎప్పుడో వొకప్పుడు ఎదుటివాడి కాగితం మీద సంతకం పెడతాడు.

దీనికి ఎదురుగా మన మిత్రులు వెంటనే చూపించే ఉదాహరణ కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్‌లది. 1983 నవంబరులో, న్యూహాంప్‌షైర్ రాష్ట్రపు డోవర్ అనే చిన్న ఊళ్ళో, ఈస్ట్‌మన్ తన మిత్రుణ్ణి నవ్వించడానికి ముఖానికి గంత కట్టుకుని నంచాకులు పట్టిన తాబేలు బొమ్మ వొకటి గీశాడు. లెయిర్డ్ దాన్ని తన ధోరణిలో మళ్ళీ గీశాడు. అట్లా పోటీలుపడి నలుగురు తాబేళ్ళు తయారయ్యారు. పన్ను కింద తిరిగొచ్చిన కొద్దిపాటి సొమ్ము, బంధువు దగ్గర తెచ్చిన అప్పు కలిపి, 1984 మే నెలలో నలుపు తెలుపులో సుమారు 3,000 ప్రతులు వేశారు. తమ సంస్థకు మిరాజ్ అని పేరు పెట్టుకున్నారు. ఎండమావి అన్నమాట. ఎందుకంటే స్టూడియో అన్నది అసలు లేదు, ఇంట్లో వొక బల్ల, వొక సోఫా తప్ప. ప్రతులు కొద్ది వారాల్లోనే చెల్లిపోయాయి. హక్కు ఇద్దరిదీ, పేరు ఇద్దరిదీ. 2009లో ఆ తాబేళ్ళను వయాకాం కంపెనీ 6 కోట్ల డాలర్లకు కొన్నది.

"చూశారా, స్నేహం గెలిచింది" అంటారు. నేను చూసేది వేరు. 1984లో ఆ ఇద్దరూ నిలబడటానికి కారణం స్నేహం వొక్కటే కాదు. పూర్వం అమెరికాలో కామిక్ పుస్తకాలు పత్రికల బడ్డీలలో అమ్ముడయ్యేవి. మిగిలిన ప్రతులు వాపసు వచ్చేవి, నష్టం ప్రచురణకర్తది. లక్షల్లో అచ్చువేసేవాడికి తప్ప ఆ బజారులో చోటు లేదు. 1970లలో ఫిల్ స్యూలింగ్ అనే బ్రూక్లిన్ ఉపాధ్యాయుడు (అవును, మనలాంటి బడిపంతులే) వొక కొత్త పద్ధతి తెచ్చాడు. ప్రత్యేక కామిక్ దుకాణాలు ముందుగా ఎన్ని కావాలో చెప్పాలి, రాయితీ ఎక్కువ, వాపసు మాత్రం లేదు. దీనితో చిన్న ప్రచురణకర్తకు అచ్చు వేయకముందే గిరాకీ తెలిసింది. మేధావి ఎవడో ఆకాశం నుంచి ఊడిపడలేదు. పంపిణీ మారింది, కాబట్టి ఇద్దరు స్నేహితులకు చోటు దొరికింది.

ఆ పంపిణీయే తర్వాత ఏమయిందో చూడండి. తాబేళ్ళు అమ్ముడవుతున్నాయని తెలియగానే "అడాలెసెంట్ రేడియోయాక్టివ్ బ్లాక్ బెల్ట్ హామ్‌స్టర్స్" వంటి నకళ్ళు పుట్టుకొచ్చాయి. (ఈ పేరు నేను కల్పించింది కాదు!) చదివేవాళ్ళు కాదు, దాచిపెట్టి ధర పెరిగాక అమ్ముకుందామనే మారుబేరగాళ్ళు కొన్నారు. 1987 నాటికి ఆ బుడగ పగిలి చిన్న ప్రచురణలెన్నో మునిగాయి. 1990ల చివరికి దుకాణాలకు పుస్తకాలు చేర్చే పని దాదాపు డైమండ్ అనే వొక్క సంస్థ చేతిలోకి పోయింది. 2025 జనవరిలో ఆ సంస్థ దివాలా తీసింది. దాని గోదాములో అమ్మకానికని పెట్టిన చిన్న ప్రచురణకర్తల సరుకు కూడా అప్పులవాళ్ళ పాలయ్యే ప్రమాదం వచ్చి, వాళ్ళు కోర్టుకెక్కవలసి వచ్చింది. పుస్తకం నీది, పాత్ర నీది, హక్కు నీది; తాళంచెవి మాత్రం గోదామువాడిది. ఇదీ స్వతంత్ర ప్రచురణ!

మరొక సంగతి కూడా చెప్పాలి. ఆ తాబేళ్ళు చేసిందేమిటి? కత్తియుద్ధం. పెద్ద కంపెనీల వీరుల కథలను వెక్కిరిస్తూ మొదలై, బొమ్మల వ్యాపారంలో తామే పెద్ద వీరులైపోయాయి. ఆస్తి తమది కాగానే ఆలోచన కూడా తమది అయిపోతుందన్న నమ్మకం ఎంత గుడ్డిదో ఇక్కడ తెలుస్తుంది. అయితే లెయిర్డ్ విషయంలో న్యాయంగా మాట్లాడాలి. వచ్చిన డబ్బులో కొంతతో 1992లో జెరిక్ ఫౌండేషన్ పెట్టి, సొంతంగా అచ్చువేసుకునే చిత్రకారులకు 2012 దాకా సహాయం చేశాడు. అమెరికా కామిక్ రంగంలో ఇది చిన్న పని కాదు.

1988లో నార్తాంప్టన్‌లో ఈ ఇద్దరూ, మరికొందరూ కలిసి కర్తల హక్కుల పత్రం తయారుచేశారు. చాలా భాగం స్కాట్ మెక్‌క్లౌడ్ రాశాడు. 12 హక్కులు. మంచి పత్రమే. కాని ఆ పన్నెండూ కర్తకూ ప్రచురణకర్తకూ మధ్య వ్యవహారానివి. కర్త పక్కన కూచుని అక్షరాలు దిద్దేవాడి మాటేమిటి? రంగులు వేసేదాని మాటేమిటి? 1992లో మార్వెల్‌ను ధిక్కరించి ఏడుగురు చిత్రకారులు ఇమేజ్ సంస్థ పెట్టారు. ఎవరి పాత్ర వారిదే అన్నారు. లోకం చప్పట్లు కొట్టింది. ఆ ఏడుగురిలో వొకడైన టాడ్ మెక్‌ఫార్లేన్ 1993లో తన "స్పాన్" పుస్తకానికి వొక సంచిక రాసిపెట్టమని నీల్ గేమన్‌ను అడిగాడు. రాత ఒప్పందం లేదు, నోటిమాట వుంది. గేమన్ సృష్టించిన పాత్రలు ఎవరివన్న ప్రశ్న మీద 2002లో జ్యూరీ ముందుకు పోయారు. గేమన్ సహయజమాని అని తీర్పు వచ్చింది, 2004లో అప్పీలు కోర్టు కూడా అదే అన్నది. యజమానిని ధిక్కరించి వచ్చినవాడు తానే యజమాని కావడానికి ఏడాది చాలింది. ఆ ఇమేజ్ ఆఫీసులో పనిచేసే ఉద్యోగులు 2021లో యూనియన్ పెట్టుకుంటున్నామని ప్రకటించి, 2022 జనవరిలో ఓటింగులో గెలిచారు. కర్తల స్వాతంత్ర్యం ఆ ఆఫీసు గుమస్తా దాకా రాలేదన్నమాట.

మన వాళ్ళెవరూ ఇటువంటివారు కారని అంటారేమో. జపాన్‌లో 1964లో నగాయ్ కట్సుయిచి "గారో" పత్రిక పెట్టాడు. అందులో షిరాటో సంపే రైతుల తిరుగుబాట్ల మీద "కముయి దెన్" గీశాడు. ఉద్యమ విద్యార్థులు దాన్ని ఎగబడి చదివారు. అటువంటి పత్రిక 1970లలో చిత్రకారులకు పేజీ పారితోషికం ఇవ్వలేని స్థితికి వచ్చింది. అయినా గౌరవం కోసం, స్వేచ్ఛ కోసం గీశారు. ఆ త్యాగాన్ని నేను తక్కువ చేయను. కాని జీతం లేని పని ఎవరు చేయగలరు? ఇంట్లో అన్నం పెట్టేవాళ్ళున్నవాడు. ఆ లెక్కన రైతుబిడ్డ వేయవలసిన రైతు కథను ఉద్యోగస్తుల బిడ్డ వేస్తాడు.

మనకు ఈ సంప్రదాయం లేదా? తిరుపతి వేంకట కవులలో ఎవరు రాసినా ఇద్దరి పేరే వుండాలని కట్టుబాటు చేసుకున్నారు. 1920లో తిరుపతి శాస్త్రి పోయిన తర్వాత కూడా చెళ్ళపిళ్ళ ఆ మాట తప్పలేదు. 1944లో కుందుర్తి, బెల్లంకొండ రామదాసు, ఏల్చూరి సుబ్రహ్మణ్యం కలిసి "నయాగరా" వేశారు. "మా భూమి" నాటకాన్ని సుంకర, వాసిరెడ్డి కలిసి రాశారు. వీళ్ళ స్నేహాలు తక్కువవా? అయినా పేర్ల సంగతిలో గందరగోళం లేదు.

కామిక్ పుస్తకంలో ఈ గందరగోళం మరీ ఎక్కువ, కారణం పనిలోనే వుంది. "వేలాదిమంది రైతులు కలెక్టరాఫీసును చుట్టుముట్టారు" అని కథకుడు అర నిమిషంలో రాస్తాడు. బొమ్మ వేసే అమ్మాయికి అది వారం రోజుల పని. తెలుగు అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు. ఇంగ్లీషు సంభాషణ పట్టిన బుడగలో తెలుగు సంభాషణ పట్టదు. బుడగ పెంచాలి, బొమ్మ తగ్గాలి, లేదా మాట తెగ్గొయ్యాలి. ఈ బేరమంతా తెల్లవారుజామున అక్షరాలు దిద్దేవాడు చేస్తాడు. అట్టమీద మాత్రం కథకుడి పేరు పెద్దదిగా, చిత్రకారిణి పేరు చిన్నదిగా, అక్షరాలవాడి పేరు "కృతజ్ఞతలు" కింద వుంటుంది. నాకు తెలిసిన వొక జట్టు ఇందుకే విడిపోయింది. కథకుడు అదే నాయికను పెట్టుకుని మరొక చిత్రకారుడితో రెండో సంచిక వేశాడు. ఆ నాయిక ముక్కు, జడ, నడక అన్నీ మొదటి అమ్మాయి చేతివి. ఆమె అడిగితే, "పాత్ర నాది, నువ్వు బొమ్మ వేశావంతే" అన్నాడు. వర్గపోరాటం మీద కథ అది!

లెక్కలు రాసుకోవడం పెటీబూర్జువా బుద్ధి అని వొక మిత్రుడు నన్ను దెప్పాడు. సంఘం చందాకు రసీదు ఇవ్వడం కూడా అట్లాంటి బుద్ధేనా? మన మహాసభల్లో జమాఖర్చులు చదివి ఆమోదించమా? మొదటి గడి గీయకముందు వొక పేజీ కాగితం చాలు. పాత్రలు అందరివీ ఉమ్మడి, అసలు బొమ్మలు వేసినవారివి. అప్పు ముందు తీరాలి, తర్వాత మిగిలింది చేసిన పనిని బట్టి పంచుకోవాలి. వొకరు వెళ్ళిపోతే వారి వాటా ఏమవుతుంది, మిగిలినవారు కథ కొనసాగించవచ్చా. ఎవరైనా కొనడానికి వస్తే నలుగురి సంతకమూ వుండాలా, ముగ్గురిది చాలునా. దీనికి వకీలు అక్కరలేదు. వొక సాయంత్రం, నాలుగు టీలు.

దానితోపాటు చివరి అట్ట లోపలివైపు జమాఖర్చు అచ్చువేయండి. కాగితానికెంత, జిరాక్సుకెంత, ఎన్ని ప్రతులు, ఏ సభలో ఎన్ని అమ్ముడయ్యాయి, బొమ్మ వేసినామెకు ఎంత ముట్టింది. అటువంటి సంచిక ఏదైనా వస్తే నాకు ఉచిత ప్రతి పంపవద్దు. డబ్బిచ్చి కొంటాను.