టెట్‌: 54 మార్కులు బోధనవే

2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో టెట్ ఇక నిరుద్యోగుల పరీక్షగా మాత్రమే మిగల్లేదు. సర్వీసు ఐదేళ్లకు మించి ఉన్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలని జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం చెప్పింది. ఐదేళ్ల లోపు మిగిలినవాళ్లు రిటైర్మెంట్ దాకా కొనసాగొచ్చు. కానీ ప్రమోషన్ కావాలంటే వాళ్లకూ టెట్ తప్పదు.

ఈ కేసులో పిటిషనర్ అంజుమన్ ఇషాఅతె తాలీమ్ ట్రస్ట్ అనే మైనారిటీ సంస్థే. విద్యాహక్కు చట్టం మైనారిటీ స్కూళ్లకు వర్తించదని 2014లో ప్రమతి కేసులో రాజ్యాంగ ధర్మాసనం అంది. దాన్ని మళ్లీ పరిశీలించాల్సి ఉందంటూ ఈ ధర్మాసనం ఆ ప్రశ్నను పెద్ద బెంచ్‌కు నివేదించింది. కాబట్టి మైనారిటీ యాజమాన్యం స్కూళ్లలో చెప్పేవాళ్లు "మనకేం సంబంధం" అని కూర్చోవడం మంచిది కాదు.

మొత్తానికి మన ఇళ్లలో ఇప్పుడు కొత్త పరిస్థితి. డీఎడ్ పూర్తి చేసిన కూతురు, ఇరవై ఏళ్లుగా సర్కారు బడిలో చెబుతున్న తండ్రి ఇద్దరూ ఒకే పుస్తకం పట్టుకోవాల్సి వస్తోంది. ఇద్దరూ తడబడేది మాత్రం ఎక్కువగా ఒకే చోట. అదే బోధనా పద్ధతులు.

లెక్క ఏం చెబుతోంది

కామర్స్ చదివినవాణ్ని కాబట్టి ముందు లెక్క చూద్దాం. టెట్ పేపర్ 150 మార్కులు, రెండున్నర గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. శిశు వికాసం, పెడగాజీకి 30 మార్కులు. ఇది అందరికీ తెలుసు. చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. తెలంగాణ టెట్ పేపర్-1లో రెండు భాషలు, మాథ్స్, ఈవీఎస్ ఒక్కోదాంట్లో 30కి 6 మార్కులు ఆ సబ్జెక్ట్ ఎలా చెప్పాలన్నదాని మీదే. నాలుగు ఆర్లు 24. ముప్పైతో కలిపితే 54. పేపర్-2లోనూ మొత్తం ఇంతే.

బీసీలకు పాస్ మార్కు 75, ఓసీలకు 90. బీసీ-ఇ, బీసీ-బి కిందికి వచ్చే మన కుటుంబాలకు 75 చాలు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివాళ్లు బీసీ-ఇలో లేరు కాబట్టి 90 తెచ్చుకోవాలి. 75 వస్తే చాలనుకునే అమ్మాయికి 54 మార్కులంటే పాస్ మార్కులో మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువ. పైగా డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది. టెట్‌లో 75 వచ్చినవాళ్లకు అక్కడ 10 మార్కులు కలుస్తాయి, 120 వచ్చినవాళ్లకు 16. అర మార్కు తేడాతో ఉద్యోగం పోయే పోటీలో 6 మార్కులు చిన్న విషయమా?

ప్రశ్న ఎలా ఉంటుంది

పియాజే దశలు, వైగోట్‌స్కీ సిద్ధాంతం, విద్యాహక్కు చట్టం సెక్షన్లు గుర్తుపెట్టుకోవాల్సిందే. కానీ బట్టీతో దొరకని ప్రశ్నలు చాలా ఉంటాయి. ఉదాహరణకు: ఒక పిల్లాడు 52లోంచి 38 తీసేస్తే 26 అని రాశాడు. టీచర్ ముందుగా ఏం చేయాలి? పదిసార్లు రాయించాలా, సరైన జవాబు బోర్డు మీద వేయాలా, తెలివైన పిల్లాడి పక్కన కూర్చోబెట్టాలా, "ఎలా చేశావో చెప్పు నాన్నా" అని అడగాలా?

జవాబు చివరిదే. ఆ పిల్లాడు ప్రతి వరసలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు. పదులు విడగొట్టడం వాడికి అర్థం కాలేదు. తప్పు ఎక్కడ ఉందో పట్టుకోవడాన్ని లోప నిర్ధారణ అంటారు, దానికి తగ్గట్టు మళ్లీ చెప్పడాన్ని లోప నివారణ బోధన అంటారు.

ఇంకొకటి మన ఇంటి ప్రశ్నే. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిష్. మూడో తరగతి పాప తెలుగు పాఠానికి దక్కనీ మాటలు కలిపి జవాబు చెప్పింది. "ఇక్కడ ఆ భాష మాట్లాడొద్దు" అనే ఆప్షన్ తప్పు. పాప చెప్పిన అర్థాన్ని ఒప్పుకుని, తెలుగు మాట అందించడం సరైంది. పిల్లల ఇంటి భాషను అడ్డంకిగా కాకుండా ఆసరాగా చూడాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది.

కూతురికీ తండ్రికీ వేర్వేరు ప్రిపరేషన్

తండ్రికి పని తెలుసు, పేరు తెలియదు. పాఠం మధ్యలో ప్రశ్నలు వేసి, ఎవరికి అర్థం కాలేదో చూసి మళ్లీ చెప్పడం ఆయనకు రోజూ అలవాటే. దాన్నే నిర్మాణాత్మక మూల్యాంకనం అంటారని పేపర్‌లో చూస్తే కంగారు పడతారు. అలాంటివాళ్లు లావు పుస్తకాలతో మొదలుపెట్టనక్కర్లేదు. రోజుకు ఐదు పదాలు తీసుకుని, ఒక్కోదాని పక్కన తమ క్లాసులో జరిగిన సంగతి ఒకటి రాసుకుంటే నెలలో పట్టు వస్తుంది.

కూతురికి దీనికి ఉల్టా. పేర్లన్నీ వచ్చు, పిల్లల మధ్య గడిపింది తక్కువ. చుట్టుపక్కల పిల్లలకు సాయంత్రం ట్యూషన్ చెబుతుంటే అదే ప్రాక్టీస్. రోజూ ఒక పిల్లాడి తప్పు రాసుకుని, ఎందుకు చేశాడో ఆలోచించాలి. ఆ తర్వాతే పాత పేపర్లు తిప్పాలి.

ఉర్దూ మీడియం అభ్యర్థులకు ఇంకో ఇబ్బంది పరిభాష. ఇక్తిసాబ్ అంటే అభ్యసనం, అదే లెర్నింగ్. తఅయీనె ఖద్ర్ అంటే మూల్యాంకనం. నోట్‌బుక్‌లో ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ మూడు వరసలు గీసి రాసుకోండి. తెలంగాణ టెట్‌లో మాథ్స్, ఈవీఎస్, పెడగాజీ ప్రశ్నలు ఎంచుకున్న భాషతో పాటు ఇంగ్లిష్‌లోనూ కనిపిస్తాయి. ఉర్దూ అనువాదం తికమకగా ఉంటే ఇంగ్లిష్ వాక్యం చదివి నిర్ణయించుకోవచ్చు.

ఉర్దూ మీడియం పోస్టులు ఎస్సీ, ఎస్టీ రోస్టర్‌లో పడి, అభ్యర్థులు లేక మిగిలిపోతున్నాయన్నది మనవాళ్ల పాత ఫిర్యాదు. అది న్యాయమైనదే, ప్రభుత్వాన్ని అడగాల్సిందే. కానీ మనకు దక్కాల్సిన పోస్టులకు కూడా టెట్ పాసైనవాళ్లు తగినంత మంది లేకపోతే ఆ డిమాండ్‌కు బలం ఉండదు. టీచర్ లేని ఉర్దూ బడి నుంచి పిల్లలు మెల్లగా జారుకుంటారు. పిల్లలు తగ్గారని చూపించి ఆ పోస్టునే ఎత్తేస్తారు. అందుకే ఆ 54 మార్కుల మీద ఈరోజు పెట్టే గంట, రేపు ఒక బడి తలుపు తెరిచి ఉంచడానికి కూడా పనికొస్తుంది.